కరోల్ బాగ్‌లో ఒక స్టూలు

ఆవిడ పోయారని పాత కాలనీ వాట్సాప్ గ్రూపులో కబురొచ్చింది. దాని కింద ముప్పై మంది దాకా చేతులు జోడించారు. వాళ్లలో సగం మంది చేతిలోంచి ఆవిడ ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక సరుకు లాక్కుని, మళ్లీ షాపు అరలో పెట్టించే ఉంటారు. ఆవిడ మెట్లెక్కి వస్తుంటే కొత్త సబ్బు కొంగు కింద దాచుకున్నవాళ్లు ఇవాళ ‘మహా మనిషి’ అని రాశారు. నేనూ రాశాను. రాసి ఫోను పక్కన పడేశాక మనసు ఊరుకోలేదు, అందుకే కూర్చుని ఇది రాస్తున్నాను.

ఢిల్లీ ఆర్.కె. పురంలో మా క్వార్టర్ల సంగతి చెప్పాలి. మా ఆయన ఓ మంత్రిత్వ శాఖలో అసిస్టెంటు. ఆవిడ భర్త అండర్ సెక్రటరీ. మా బ్లాకులోనే మొదటి అంతస్తు. నేను తెనాలి నుంచి కొత్త పెళ్లికూతురుగా దిగిన రోజే ఆవిడ కాఫీ ఫ్లాస్కుతో వచ్చి, నా సూట్‌కేసులోని ఫేస్‌క్రీమ్ చూసి, ‘ఇది నిన్నేమంటోందో తెలుసా అమ్మాయ్? నువ్వు పనికిరావు, తెల్లబడి రా అంటోంది. డబ్బిచ్చి తిట్టించుకుంటావా?’ అన్నారు. ఆ క్రీము ఆ రోజే చెత్తబుట్టలోకి పోయింది. పిల్లలకీ పెద్దలకీ ఆవిడ ఆంటీయే. ఆవిడ కంటే పదేళ్లు పెద్దావిడ కూడా ఆంటీ అనే పిలిచేది, మర్యాద కోసం కాదు, భయానికి.

పొట్టి మనిషి. గంజి పెట్టిన నేత చీర, మెడలో గొలుసుకు వేలాడే కళ్లజోడు, చేతిలో గుడ్డసంచి. బజారులో ఆవిడ ప్యాకెట్లను తిరగేసి వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివేవారు. మనం జాతకం చదివించుకున్నంత శ్రద్ధగా చదివేవారు. ‘రూపాయికి నోరుందమ్మాయ్. మనమే దాని నోరు నొక్కి పర్సులో పడేస్తాం’ అన్నది ఆవిడ రోజూ అనే మాట. ‘అయిదేళ్లకోసారి వేసేది కాదు ఓటంటే. పొద్దున్నే పాలబూతు దగ్గర వేస్తామే, అదీ ఓటు’ అన్నది రోజు విడిచి రోజు అనే మాట. సెక్టారు మార్కెట్లో షాపులవాళ్లు ఆవిడని దూరం నుంచే గుర్తుపట్టి కొన్ని సరుకులు బల్ల కిందికి దించేసేవారు.

ఆవిడ హిందీ గోదావరి నీళ్లు తాగిన హిందీ. ‘భయ్యా, యే అన్యాయం హై కి నహీ? ఆప్ హీ బోలో’ అని మొదలుపెడితే, ఆ అన్యాయం ఏమిటో అర్థం కాకపోయినా, ‘హై జీ, హై’ అని ఒప్పేసుకునేవాళ్లు పాపం.

ఇల్లు మాత్రం నెలనెలా ఖాళీ అయ్యేది. ఆ ఫేస్‌క్రీము కంపెనీవాడిదే సబ్బు అని తెలిసి సబ్బు పోయింది. సబ్బు వాడిదే టూత్‌పేస్టు అని తెలిసి అదీ పోయింది, భారత ప్రభుత్వ అండర్ సెక్రటరీ ఉప్పుతో పళ్లు తోముకునేవారు. తేయాకు తోటల్లో ఆడకూలీల గోస చదివి టీ మానేశారు. పసిపిల్లలు చుట్టిన టపాకాయలు వద్దని దీపావళికి చప్పట్లు కొట్టించారు. ఒకసారి నేను వాళ్లింట్లో ఉండగా కాలేజీ నుంచి వచ్చిన కొడుకు వంటింటి డబ్బాలన్నీ తీసి చూసి, ‘మమ్మీ, ఇస్ ఘర్ మే కుఛ్ అలౌడ్ హై క్యా?’ అని, ఈ ఇంట్లో ఏదైనా తినొచ్చా అన్నట్టు అడిగాడు. ‘మంచినీళ్లున్నాయి నాన్నా’ అన్నారు ఆంటీ, నవ్వకుండా. అంకుల్ ఆఫీసు బ్యాగులో ఫైళ్ల మధ్య బిస్కెట్ ప్యాకెట్ ఉండేదని కాలనీలో అందరికీ తెలుసు, ఆవిడకి తప్ప.

ఇలా ఉండగా ఆరో పే కమిషన్ వచ్చింది. అరియర్స్ పడ్డాయి. సబ్బు దగ్గర ఆలోచించే ఇళ్లలో ఒక్కసారిగా ఫ్రిజ్‌ల మాటలు, బంగారం మాటలు. అందరూ సర్కారు ఖర్చుతో ఊరెళ్లడానికి ఎల్టీసీ పెట్టారు. ఊరికి ఉత్త చేతులతో వెళ్లం కదా. అత్తగారికి, ఆడపడుచులకి, తోడికోడళ్లకి, పిన్నత్తగార్లకి చేతిలో పెట్టడానికి పెట్టుబడి చీరలు కావాలి. మనం కట్టుకునే చీర ఒకటే కొంటాం గానీ పెట్టుబడి చీరలు డజన్ల లెక్కన కొంటాం. అవి దొరికే చోటు కరోల్ బాగ్. ఆంటీ ఇదంతా గమనించి, ‘ఇన్నాళ్లకి మన చేతికి ఆయుధం వచ్చింది’ అన్నారు. ఎవరి మీదో అప్పటికి ఆవిడకీ తెలియదు.

మొదటిసారి నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. పాత చీరల షాపుల్లో తెల్లటి పరుపులుండేవి, కొనేవాళ్లూ కూర్చునేవారు, అమ్మేవాళ్లూ కూర్చునేవారు. మేం వెళ్లిన షాపులో కొత్తగా ఏసీ పెట్టి, పరుపులు తీసేసి, గాజు కౌంటర్లు వేశారు. కొనేవాళ్లకి మెత్తటి స్టూళ్లు. అమ్మే ఆడపిల్లలు కౌంటరు వెనక నిలబడాలి. మాకు చీరలు చూపించిన పిల్ల పేరు సునీత. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. ఉత్తమ్ నగర్‌లో తల్లితో ఉంటానంది. ఎడమ చెప్పు విప్పేసి, ఆ పాదాన్ని కుడి పిక్కకి ఆనించి కొంగలాగా నిలబడింది. ఆంటీ చీర చూడ్డం మానేసి ఆ పాదం చూశారు. మడమ దగ్గర వాచి, నరాలు నీలంగా తేలి ఉన్నాయి.

‘నువ్వు ఎప్పుడు కూర్చుంటావమ్మా?’ అని హిందీలో అడిగారు.

‘ఘర్ జాకే, ఆంటీజీ’ అంది సునీత, ఇంటికెళ్లాకే అని. పొద్దున పది నుంచి షట్టర్ దించేదాకా నిలబడాల్సిందేనట.

ఆంటీ లేచి క్యాషు దగ్గరున్న యజమాని దగ్గరికి వెళ్లారు. అందరూ ఆయన్ని లాలాజీ అంటారు. సన్నగా, సఫారీ సూటులో, మహా వినయంగా ఉంటాడు. ఆ పిల్లకి స్టూలు ఎందుకు లేదని అడిగితే చేతులు జోడించి, ‘మేడమ్‌జీ, గాహక్ భగవాన్ హోతా హై. భగవాన్ కే సామ్‌నే కౌన్ బైఠ్‌తా హై?’ అన్నాడు. కొనడానికి వచ్చినవాళ్లు దేవుళ్లట, దేవుడి ముందు కూర్చోకూడదట.

‘హమారే యహా భగవాన్ కే సామ్‌నే సబ్ బైఠ్‌తే హై’ అన్నారు ఆంటీ. ‘బైఠ్ కే భజన్ కర్‌తే హై.’

మావైపు దేవుడి ముందు అందరూ కూర్చునే భజన చేస్తారని విని లాలాజీ నవ్వి, ఆవిడకి ఒక క్యాలెండర్ ఇచ్చాడు. క్యాలెండర్ కౌంటరు మీదే వదిలేసి వచ్చేశాం.

ఆ ఆదివారం ఆవిడ ఇంట్లో పదకొండు మందిమి సమావేశమయ్యాం. మంచినీళ్లు ఇచ్చారు. ఆ షాపుని బహిష్కరించాలి, స్టూలు పెట్టేదాకా ఒక్క చీర కొనకూడదు అని తీర్మానం. దానికెవరూ అడ్డు చెప్పలేదు. కానీ వెళ్లకుండా ఊరుకుంటే లాలాజీకి ఎలా తెలుస్తుంది, తెలుగువాళ్లు రావడం లేదని ఆయన కలగంటాడా అని సందేహం వచ్చింది. పైఅంతస్తు విజయక్కది కరీంనగర్. ఆవిడ తేల్చేసింది.

‘గంత దూరం బస్సెక్కి పోయి చూడకుంట ఎట్లొస్తమాంటీ? మంచిగ చూడాలె, ఏరాలె, కుప్ప పొయ్యాలె. బిల్లు కాడికి పోయినంక స్టూలేదని అడగాలె. అప్పుడు ఇడిసిపెట్టి రావాలె. ఏం పోయిందో ఆయనకు అప్పుడెరుకైతది.’

ఆంటీ కళ్లు మెరిశాయి. ‘అదీ పద్ధతంటే’ అన్నారు.

మొదటి శనివారం పదకొండు మందిమి వెళ్లి సునీత కౌంటరు ముందు మెత్తటి స్టూళ్ల మీద కూర్చున్నాం. మన ఆడవాళ్ల సంగతి తెలిసిందే. కొననని ఒట్టు పెట్టుకున్నా సరే, చీర విప్పి పమిట చూడకపోతే ప్రాణం ఊరుకోదు. ‘దీన్లోనే ఆకుపచ్చ’ అని ఒకరు, ‘బోర్డర్ సన్నది’ అని ఒకరు, ‘పైన మూలనున్న ఆ కట్ట’ అని విజయక్క. సునీత నిచ్చెన ఎక్కింది, దిగింది. షాపువాళ్లు టీ ఇచ్చారు. ఆంటీ తప్ప అందరం తాగాం. రెండు గంటల తర్వాత బిల్లు దగ్గర ఆంటీ గొంతెత్తి స్టూలు గురించి అడిగారు, లాలాజీ మళ్లీ భగవంతుడి సంగతి ఎత్తాడు, మేం గుట్టగా పోసిన చీరలు వదిలేసి ఠీవిగా బయటికి నడిచాం. బస్సులో ఒకటే నవ్వులు. నా జన్మలో అంత సంతోషంగా ఏ బజారు నుంచీ తిరిగి రాలేదు, అదీ చిల్లిగవ్వ ఖర్చు లేకుండా.

రెండో శనివారం కూడా వెళ్లాం. మూడోదీ వెళ్లాం. ఈసారి పక్క సెక్టారు నుంచి నలుగురు కొత్తగా వచ్చారు, ఉద్యమం పెరుగుతోందని ఆంటీ పొంగిపోయారు. ఆ మూడో శనివారం బస్టాపు దాకా వచ్చాక నా శాలువా షాపులో మరిచిపోయానని గుర్తొచ్చింది. ఒక్కదాన్నే వెనక్కి పరిగెత్తాను. కౌంటరు మీద చీరలు నడుమెత్తున పడి ఉన్నాయి. సునీత ఒక్కతే నిలబడి మడతపెడుతోంది. ఒక పాదం మీంచి ఇంకో పాదం మీదికి బరువు మార్చి మార్చి మోపుతోంది. మేం అమ్మవారి ఉత్సవంలా ఊరేగి వచ్చిన రెండు గంటలూ ఆ పిల్లకి ఎలా గడిచేవో అప్పటిదాకా మా పదిహేను మందిలో ఒక్కరికీ తట్టలేదు.

‘దీదీ, బురా మత్ మాన్‌నా’ అని మొదలుపెట్టింది. ఏమీ అనుకోవద్దని శాలువా ఇస్తూ గొంతు తగ్గించి చెప్పింది. మేం వచ్చిన రోజు అవన్నీ మడతపెట్టేసరికి మామూలు కంటే రెండు గంటలు ఎక్కువ నిలబడాల్సి వస్తోందట. అదీ పోనీ అనుకుందట. కానీ శనివారమే అమ్మకాల రోజు, మేం ఇంతమందిమి కౌంటరు కమ్ముకుని కూర్చుంటే వేరేవాళ్లు పక్క కౌంటర్లకి పోతున్నారు. మూడు శనివారాలుగా ఆమె చేతి మీదుగా ఒక్క చీర పోలేదు. వచ్చే శనివారం కూడా ఇలాగే ఉంటే పనిలోకి రావద్దని లాలాజీ చెప్పేశాడట. ‘ఆప్ లోగ్ అచ్ఛే హై. బస్, కిసీ ఔర్ దుకాన్ మే చలే జాయియే’ అంది, ఇంకో షాపుకి వెళ్లమని. గోరుచుట్టు మీద రోకలిపోటంటే అదే. పోటు మాది.

బస్టాపులో అందరూ నాకోసం ఆగారు, బస్సెక్కాక ఆంటీ పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను.  వెనక సీట్లలో విజయక్కావాళ్లు లాలాజీని అనుకరించి నవ్వుకుంటున్నారు.

‘ఏమ్మాయ్, ఇవాళ నేను ఎన్ని చీరలు విప్పించానంటావ్?’ అన్నారు ఆంటీ.

‘చూడలేదాంటీ.’

‘నేను చూశాను. కొననని తెలిసీ విప్పించాను. నా సిగ్గు చిమడ’ అన్నారు. ఆవిడ తనను తాను తిట్టుకోవడం నేను విన్నది ఆ ఒక్కసారే.

నాలుగో శనివారం దండు లేదు. ఆవిడా నేనూ అంతే. లాలాజీ మమ్మల్ని చూసి జపమాల తీసినంత పని చేశాడు. ఆంటీ ఆయన ముందుకెళ్లి, పెట్టుబడి చీరలు కావాలి, బోలెడు కావాలి, ఈ పిల్ల దగ్గరే కొంటాను, ఈ పిల్ల కూర్చుంటేనే కొంటాను అన్నారు. ఆయన ఆవిడ గుడ్డసంచి వైపు చూశాడు, ముఖం వైపు చూశాడు. దేవుడు స్వయంగా కూర్చోమంటుంటే పూజారి కాదంటాడా? తనే ఒక స్టూలు మోసుకొచ్చి కౌంటరు వెనక వేశాడు. సునీత ముళ్ల మీద కూర్చున్నట్టు అంచు మీద కూర్చుంది.

ఆ పిల్ల కూర్చుంటే పైనున్న చీరలు తీసేదెవరు? ఆంటీ కౌంటరు పలక ఎత్తి లోపలికి దూరారు. ‘నువ్వూ రా’ అని నన్ను కూడా లాగారు. సునీత కూర్చుని చెప్తుంది, ‘వో నహీ ఆంటీ, ఉస్‌కే నీచే వాలా’. ఆంటీ మునివేళ్ల మీద లేచి దాని కిందిది తీస్తారు, విప్పుతారు, మళ్లీ మడతపెడతారు. మడత కుదిరి చావదు. సునీత ఆపుకోలేక నవ్వింది. అరగంటకే నా పిక్కలు లాగేశాయి. ఇంతలో ఎవరో పంజాబీ ఆవిడ వచ్చి, ఆంటీని షాపు మనిషే అనుకుని, ‘రెడ్ మే దిఖానా’ అంది. అండర్ సెక్రటరీ గారి భార్య ఎర్రచీరలు నాలుగు తీసి చూపించి, ఒకటి అమ్మేశారు కూడా. అమ్మి నా వైపు గర్వంగా చూశారు. ఏ సభలోనూ ఆవిడ ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

ఆ రోజు ఆవిడ ముప్పై చీరలు కొన్నారు. అంకుల్ అరియర్స్ సగం అలా పోయాయి. కొన్నది చీరల కోసం కాదు కాబట్టి ఒకే రకం, రెండే రంగులు. ఆ వేసవిలో రాజమండ్రిలో వాళ్ల వైపు ఓ పెళ్లికి బంధువులంతా అవే కట్టుకొస్తే, మండపంలో ఎవరు పెళ్లివారో ఎవరు వంటవారో తెలియలేదని అంకుల్ చెప్పుకుని బాధపడ్డారు.

సునీత ఉద్యోగం నిలిచింది. స్టూలూ నిలిచింది. ఆ కబురు కాలనీలో పొక్కి అందరూ మళ్లీ వెళ్లారు. స్టూలు మీద కూర్చున్న సునీతని చూసి కళ్లు తుడుచుకున్నారు. ‘గెలిచినం’ అని విజయక్క తన కొత్త కెమెరా ఫోన్లో ఫోటో తీసింది. ఇక ఆర్.కె. పురం పెట్టుబడి చీరలన్నీ అక్కడే. లాలాజీకి ఆ సీజను పండగే. పదకొండు మందిమీ సమాజాన్ని మార్చేశామని రెండు నెలలు చెప్పుకున్నాం. వింటున్నవాళ్లు విసిగిపోయినా మేం విసగలేదు.

ఒక మంగళవారం మా మేనత్త కూతురు వస్తే దానికి మ్యాచింగు జాకెట్టు గుడ్డ కోసం నేను అటు వెళ్లాను. అద్దాల తలుపు బయటినుంచే సునీత కనిపించింది. నిలబడి ఉంది, కొంగలాగా ఒంటికాలి మీద. స్టూలు అటక మీద డబ్బాల పక్కన ఉంది. నేను తలుపు తోయగానే క్యాషులో ఉన్న మనిషి చిటిక వేసి, ‘సౌత్ వాలీ మేడమ్ ఆయీ హై. స్టూల్ లగావో’ అన్నాడు. స్టూలు దిగింది. సునీత వచ్చి కూర్చుని నా వైపు చూసి నవ్వింది. నేను జాకెట్టు గుడ్డ ఏ రంగులో కొన్నానో నాకే తెలియదు.

ఆ సాయంత్రం ఆంటీకి చెప్పాను. మళ్లీ తీర్మానాలు, మళ్లీ దండయాత్ర అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, కాస్త సరదాగా కూడా అనిపించింది. ఆవిడ ఒక్కటే అడిగారు.

‘మనం షాపులో ఉన్నంతసేపూ కూర్చోనిస్తున్నారా?’

‘ఆ, అంతవరకే.’

‘అయితే ఉందాం’ అన్నారు.

ఆ వారం నుంచి ప్రతి శనివారం మూడు నుంచి అయిదు దాకా ఆవిడ కరోల్ బాగ్‌లో ఉండేవారు. సునీత ముందు కూర్చుని, ఒకే చీర ఒళ్లో పెట్టుకుని, దారం దారం చూసేవారు. రెండోది అడిగేవారు కాదు. లాలాజీ దగ్గి, ‘మేడమ్‌జీ, పసంద్ ఆయా?’ అంటే, ‘దేఖ్ రహీ హూఁ’ అనేవారు, ఇంకా చూస్తున్నానని. ఆరు వారాలకో ఏడు వారాలకో ఒక జాకెట్టు గుడ్డ కొనేవారు, తరిమెయ్యకుండా ఉండడానికి. కాలనీలో ఆంటీకి ముసలితనంలో చీరల పిచ్చి పట్టిందన్నారు. బహిష్కరణలు మాని బజారు మరిగిందన్నారు. ఆవిడ శనివారాలు మానలేదు. మిగతా పదిమందిని కూడా తలా రెండు గంటలు పంచుకోమని అడిగారు. ‘కొంటానికైతే వస్తం గని, ఉత్తగ కూసునుడేందాంటీ’ అంది విజయక్క. ఎవరూ రాలేదు. కొనకుండా ఉండమంటే ఉన్నాం, కొనమంటే కొన్నాం, కూర్చోమంటే మాత్రం మాకు తీరిక లేకపోయింది.

ఏడాదిన్నర తర్వాత అంకుల్ రిటైరయ్యారు. రాజమండ్రికి సామాను లారీలో ఎక్కుతుంటే ఆవిడ నన్ను పక్కకి పిలిచారు. ‘శనివారం మూడింటికి వెళ్లమ్మాయ్. మధ్యాహ్నం పూటే దాని కాళ్లు బాగా లాగుతాయి. నువ్వేం కొనక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు’ అన్నారు. అలాగేనన్నాను. ఆవిడ చెయ్యి పట్టుకుని మరీ అన్నాను.

తర్వాతి శనివారం వెళ్లాను. సునీత నన్ను చూడగానే స్టూలు లాక్కుని కూర్చుంది. చెప్పులు రెండూ విప్పేసి, పాదాలు చల్లటి నేల మీద చాపి, వీపు వెనక అరకి ఆనించి కళ్లు మూసుకుంది. నాకోసం ఒక చీర కౌంటరు మీద ముందే తీసి పెట్టి ఉంది. నేను దాని అంచు చూశాను, పమిట చూశాను, మళ్లీ అంచు చూశాను. గోడ మీద గడియారం చూశాను. ఇంటి దగ్గర కందిపప్పు నానబోశాను, పిల్లాడికి పరీక్షలు, బస్సులు దొరకవు. ఇరవై నిమిషాలు కూడా కాలేదు. నేను లేచాను.

నాతో పాటు సునీత కూడా లేచింది.